నీలం చుక్క ఎవరి మాట వింటోంది?

ఫోన్‌లో మ్యాప్ తెరవగానే కనిపించే నీలం చుక్కని అందరం జీపీఎస్ అనేస్తాం. అది సగమే నిజం. ఆ చుక్క ఎక్కడ పెట్టాలో ఫోన్‌కి చెప్పేవాళ్లు కనీసం నలుగురున్నారు: ఆకాశంలో ఉపగ్రహాలు, చుట్టుపక్కల వై-ఫై రూటర్లు, సెల్ టవర్లు, ఫోన్ లోపలి కదలికల సెన్సర్లు. ఈ నలుగురి మాటా విని, ఎవరిని ఎంత నమ్మాలో లెక్కేసుకుని, ఫోన్ ఒక అంచనాకి వస్తుంది. కాబట్టి లొకేషన్ తప్పుగా చూపిస్తే ముందుగా తేల్చాల్సింది, చుక్క ఇప్పుడు ఎవరి మాట విని అక్కడ కూర్చుందని. అది తేలితే సగం పని అయిపోయినట్టే. తేల్చకుండా ఫోన్ రీస్టార్ట్ చేయడం, ఎవరో చెప్పిన "జీపీఎస్ బూస్టర్" యాప్ వేయడం వల్ల ఒరిగేదేమీ లేదు.

తేల్చడానికి మొదటి ఆనవాలు చుక్క చుట్టూ ఉండే లేత నీలం వృత్తం. చాలామంది దాన్ని అలంకారం అనుకుంటారు. అసలు సమాచారమంతా అందులోనే ఉంది. ఆండ్రాయిడ్‌లో ఆ వృత్తానికి అర్థం ఇది: మీరు దాని లోపల ఉండే అవకాశం 68 శాతం. అంటే మూడు సార్లలో ఒకసారి మీరు వృత్తం బయటే ఉంటారు, అప్పుడు కూడా ఫోన్ తప్పు చెప్పినట్టు కాదు. వృత్తం ఐదు పది మీటర్లుంటే ఉపగ్రహాలు పనిచేస్తున్నాయి. ఇరవై నుంచి యాభై మీటర్ల దగ్గర ఆగిపోతే వై-ఫై మాట్లాడుతోంది. వందల మీటర్లు, కిలోమీటర్లు ఉంటే ఒక్క టవర్ మీదే బండి నడుస్తోంది, లేదా ఆ యాప్‌కి మీరు కచ్చితమైన లొకేషన్‌కి అనుమతి ఇవ్వలేదు. ఈ చివరిది ఐఓఎస్ 14, ఆండ్రాయిడ్ 12 నుంచి వచ్చిన తలనొప్పి. అనుమతి అడిగేటప్పుడు "అప్రాక్సిమేట్" నొక్కేస్తే ఆ యాప్ ఒక్కటే ఊరంత వృత్తం చూపిస్తుంది, మిగతావన్నీ బాగానే ఉంటాయి. ఒకే యాప్‌లో తేడా ఉంటే ముందు చూడాల్సింది ఇదే.

ఇక ఉపగ్రహాల సంగతి. వీటి గురించి ఒక అపోహ గట్టిగా పాతుకుపోయింది. ఉపగ్రహం మనల్ని చూస్తోందని, ఫోన్ దానితో మాట్లాడుతోందని చాలామంది నమ్మకం. అలాంటిదేమీ లేదు. జీపీఎస్ ఉపగ్రహం సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతూ "నేను ఫలానా, ఇప్పుడు టైము ఇంత, నేను ఇక్కడున్నాను" అని చాటింపు వేసుకుంటూ పోతుంది. ఎవరు విన్నారో దానికి తెలియదు. ఫోన్ వింటుంది, అంతే. అందుకే చాలా ఫోన్లలో విమానం మోడ్‌లో కూడా, సిమ్ లేకపోయినా జీపీఎస్ పడుతుంది. పోయిన ఫోన్ ఎక్కడుందో మీకు తెలిసేది ఉపగ్రహం చెప్పడం వల్ల కాదు. ఆ ఫోన్ తన లెక్క తాను వేసుకుని ఇంటర్నెట్ ద్వారా పంపితేనో, దాని బ్లూటూత్ పక్క ఫోన్లకి వినబడితేనో తెలుస్తుంది. 2022 నవంబరులో ఐఫోన్ 14తో మొదలైన శాటిలైట్ ఎస్ఓఎస్ పూర్తిగా వేరే వ్యవహారం. అక్కడ ఫోన్ నిజంగానే ఉపగ్రహానికి సందేశం పంపుతుంది, కానీ ఆ ఉపగ్రహాలు వేరు, వాటి ఫ్రీక్వెన్సీ వేరు.

ఫోన్ చేసే లెక్క చెప్పుకోవడానికి తేలికే. సిగ్నల్ బయల్దేరిన టైముకీ, చేరిన టైముకీ ఉన్న తేడాని కాంతి వేగంతో గుణిస్తే ఉపగ్రహం ఎంత దూరమో తెలుస్తుంది. నెత్తి మీద ఉన్న ఉపగ్రహం నుంచి సిగ్నల్ రావడానికి 67 మిల్లీసెకన్లు పడుతుంది. చిక్కేమిటంటే ఉపగ్రహంలో అణు గడియారం ఉంటుంది, ఫోన్‌లో ఉండేది చవకరకం క్వార్ట్జ్. ఒక్క మైక్రోసెకను తేడా వస్తే దూరం 300 మీటర్లు తప్పుతుంది. అందుకే ఫోన్ తన గడియారం ఎంత తప్పుందో అదీ కనుక్కోవాల్సిందే. పొడవు, వెడల్పు, ఎత్తు, గడియారం తేడా మొత్తం నాలుగు తెలియనివి. నాలుగు ఉపగ్రహాలు కావాలనే మాట అక్కడి నుంచి వచ్చింది.

అసలు కష్టం వినడంలో ఉంది. నేల మీదికి వచ్చేసరికి ఆ సిగ్నల్ బలం ఎంతంటే, ఒక వాట్‌ని కోటి కోట్ల ముక్కలు చేసి, అందులో ఒక ముక్కని మళ్లీ వంద ముక్కలు చేస్తే వచ్చేంత. రిసీవర్‌లో మామూలుగా ఉండే రొదే దీనికంటే పదుల రెట్లు పెద్దది. ఫోన్ వినగలగడానికి కారణం ఒక్కటే: ప్రతి ఉపగ్రహానికీ 1023 చిప్పుల (సున్నా, ఒకట్ల లాంటి చిన్న ముక్కల) ఒక వరస ఉంటుంది, మిల్లీసెకనుకోసారి అదే వరస మళ్లీ వస్తుంది, ఆ వరస ఫోన్‌కి ముందే తెలుసు. రొద మీద ఆ వరసని జరుపుతూ జరుపుతూ ఎక్కడ అతుకుతుందో చూస్తుంది. కాంక్రీటు స్లాబు కింద, రేకుల షెడ్డులో, లోహపు పూత ఉన్న కారు అద్దం వెనక ఈ గుసగుస కూడా చచ్చిపోతుంది. ఫోన్ వెనక లోహపు కవరో, హోల్డర్ కోసం అతికించిన లోహపు రేకో ఉంటే ఇంకా కష్టం. చాలా ఫోన్లలో జీపీఎస్ యాంటెనా పైభాగంలో ఉంటుంది. అడ్డంగా పట్టుకుని గేమ్ ఆడేవాళ్ల అరచెయ్యి సరిగ్గా దాన్నే కప్పేస్తుంది.

ఇదంతా కళ్లారా చూడాలంటే ఆండ్రాయిడ్‌లో జీపీఎస్‌టెస్ట్ అనే ఉచిత యాప్ వేసుకోండి. స్టేటస్ పేజీలో ఒక్కో ఉపగ్రహానికి ఒక్కో వరస కనిపిస్తుంది. అన్నిటికంటే ముఖ్యమైన అంకె సీ/ఎన్‌0, అంటే రొదతో పోల్చి సిగ్నల్ బలం, డెసిబెల్-హెర్ట్జ్‌లలో. ఆరుబయట 40 దాటిన ఉపగ్రహాలు నాలుగైదు ఉంటే ఫోన్ యాంటెనా ఆరోగ్యంగా ఉన్నట్టే. 30 చుట్టూ ఉంటే ఏదో అడ్డం ఉంది. 20 కంటే తక్కువైతే అది ఉన్నా లేనట్టే. పక్కనే "ఏ", "ఈ", "యూ" అనే మూడు ఇంగ్లిష్ అక్షరాల జెండాలుంటాయి. ఏ అంటే ఆ ఉపగ్రహం ఉజ్జాయింపు కక్ష్య తెలుసని, ఈ అంటే కచ్చితమైన కక్ష్య తెలుసని, యూ అంటే మీ లొకేషన్ లెక్కలో దాన్ని వాడుతున్నారని.

ఫోన్ చాలాసేపు ఆపి, డేటా లేకుండా తెరిచినప్పుడు ఈ పేజీ చూడండి. ముందు అంకెలు వస్తాయి, 35, 38, 41 అని. "ఏ" జెండా వస్తుంది. చుక్క మాత్రం రాదు. ఎందుకంటే "ఈ" జెండా ఇంకా రాలేదు. కచ్చితమైన కక్ష్య వివరాలు ఆ సిగ్నల్‌లోనే వస్తాయి, కానీ సెకనుకి 50 బిట్ల నత్తనడకన. ఆరేసి సెకన్ల ముక్కలు ఐదు కలిస్తే 30 సెకన్లు. అందులో మొదటి మూడు ముక్కల్లో ఆ ఉపగ్రహం గడియారం, కక్ష్య ఉంటాయి. వాటిలో ఒక ముక్క వస్తుండగా చెట్టు అడ్డమొచ్చి నాలుగు బిట్లు పోయాయంటే మళ్లీ ఆ ముక్క కోసం 30 సెకన్లు ఆగాలి. పైగా బిట్లు చదవడానికి, ఊరికే జాడ పట్టుకోవడానికి కావలసినదానికంటే చాలా ఎక్కువ బలం ఉండాలి. "బండి మీద వెళ్తూ పది నిమిషాలైనా జీపీఎస్ పట్టలేదు" అనే ఫిర్యాదు వెనక ఉండేది ఇదే. బండి ఆపి, ఆకాశం బాగా కనిపించేచోట ఒక్క నిమిషం కదలకుండా నిలబడితే పట్టేస్తుంది. ఒకసారి "ఈ" జెండా వచ్చాక ఆ వివరాలు సుమారు నాలుగు గంటలు పనికొస్తాయి. నెట్‌వర్క్ లేని చోటికి వెళ్లేవాళ్లు బయల్దేరే ముందే ఒకసారి లొకేషన్ పట్టించి, మ్యాప్ ఆఫ్‌లైన్‌లో దించుకుని వెళ్లమనేది ఇందుకే.

డేటా ఉన్నప్పుడు ఇదంతా మనకి కనబడదు. అదే కక్ష్య వివరాలు సర్వర్ నుంచి క్షణంలో దిగిపోతాయి, దాన్నే ఏ-జీపీఎస్ అంటారు. రాబోయే కొన్ని రోజులకి కక్ష్యల అంచనాలున్న ఫైలు కూడా ఫోన్ దించిపెట్టుకుంటుంది. జీపీఎస్‌టెస్ట్‌లో "క్లియర్ అసిస్ట్ డేటా" అనే మీట ఉంది. చుక్క మొండికేసినప్పుడు దీన్ని నొక్కమని సలహాలు తిరుగుతుంటాయి. నొక్కితే ఫోన్‌కి తెలిసిందంతా చెరిగిపోయి మొదటి నుంచి మొదలవుతుంది. ఇంట్లో డేటా ఉన్నప్పుడు ఫరవాలేదు, పాత ఫైలు చెడితే బాగుపడే అవకాశమూ ఉంది. అడవిలో నొక్కితే మాత్రం కొరివితో తల గోక్కున్నట్టే.

ఆరుబయట మామూలు ఫోన్ తప్పు సుమారు 5 మీటర్లు. ఎత్తైన భవనాల మధ్య అది 30, 50 మీటర్లు కావడం వింతేమీ కాదు. దీనికి రెండు కారణాలు కలిసి పనిచేస్తాయి, వాటిని విడివిడిగా చూడాలి.

మొదటిది ప్రతిబింబం. గోడకి తగిలి తిరిగొచ్చిన సిగ్నల్ ఎక్కువ దూరం నడిచి వస్తుంది, ఫోన్ ఆ ఉపగ్రహం అంత దూరంలో ఉందనుకుంటుంది. రెండోది ఆకారం. పొడవాటి వీధిలో నిలబడితే మీకు కనిపించే ఆకాశం ఒక సన్నని పట్టీ. వీధి వెంట ముందూ వెనకా ఉపగ్రహాలు కనిపిస్తాయి, కుడిఎడమల భవనాలు మింగేస్తాయి. కాబట్టి వీధి పొడవునా మీరెక్కడున్నారో ఫోన్‌కి బాగానే తెలుస్తుంది, అడ్డంగా ఎక్కడున్నారో తెలియదు. చుక్క ఎప్పుడూ పక్క వీధిలోకే దూకడానికి కారణం ఇదే. క్యాబ్ డ్రైవరు వెనక వీధిలో ఆగి ఫోన్ చేస్తున్నాడంటే తప్పు అతనిది కాదు.

ఇక్కడే రెండు ఫ్రీక్వెన్సీల ఫోన్లు పనికొస్తాయి. పాత ఎల్1 సిగ్నల్ 1575.42 మెగాహెర్ట్జ్ దగ్గర వస్తుంది, అందులో ఒక చిప్ పొడవు, అంటే ఆ ముక్క దారిలో పరుచుకునే దూరం, 293 మీటర్లు. 1176.45 దగ్గర వచ్చే కొత్త ఎల్5 సిగ్నల్‌లో చిప్పులు పది రెట్లు వేగంగా వస్తాయి, చిప్ పొడవు 29 మీటర్లే. చిప్ చిన్నదైతే అసలు సిగ్నల్, ప్రతిబింబం ఒకదానిమీద ఒకటి పడకుండా విడిపోతాయి. వంద మీటర్లు ఎక్కువ నడిచొచ్చిన ప్రతిబింబాన్ని ఎల్1 అసలుతో కలగలిపి వింటుంది, ఎల్5 వేరుగా గుర్తుపట్టి పక్కన పెట్టేస్తుంది. ఇంకో లాభం, రెండు ఫ్రీక్వెన్సీలూ పోల్చుకుని అయనావరణం (పై వాతావరణంలో విద్యుదావేశం ఉన్న పొర) చేసే ఆలస్యాన్ని లెక్కగట్టి తీసేయొచ్చు. ఒకే ఫ్రీక్వెన్సీ ఉన్న ఫోన్ ఒక సాధారణ సూత్రం మీద ఆధారపడుతుంది, అది ఆ ఆలస్యంలో ఇంచుమించు సగమే తీస్తుంది. ఈ రెండో ఫ్రీక్వెన్సీతో ఫోన్లు 2018లో షావోమీ ఎంఐ 8తో మొదలయ్యాయి. అయితే అసలు సిగ్నల్ పూర్తిగా అడ్డుపడి ప్రతిబింబం ఒక్కటే చేరితే ఎల్5 కూడా ఏమీ చేయలేదు. ప్రకటనలో ఈ మాట ఉండదు.

మీ ఫోన్‌లో ఎల్5 ఉందో లేదో బాక్సు మీద వెతకడం కంటే జీపీఎస్‌టెస్ట్‌లో చూడడం నయం. జీపీఎస్ వరసల్లో ఎల్5, గెలీలియో (ఐరోపా వాళ్ల ఉపగ్రహాలు) వరసల్లో ఈ5ఏ అని కనిపిస్తే ఉన్నట్టు. కాసేపు ఆగి చూడండి, ఫోన్ ముందు ఎల్1 పట్టుకుని, ఆ తర్వాతే ఎల్5 వెతుకుతుంది. జీపీఎస్ ఉపగ్రహాలన్నీ ఎల్5 పంపవు, 2010 నుంచి ఎగిరిన కొత్త తరాలవే పంపుతాయి. గెలీలియోవి పంపుతాయి. మన దేశపు ఉపగ్రహ వ్యవస్థ నావిక్ సంగతి ఇంకొంచెం వేరు. దాని మొదటి తరం ఉపగ్రహాలు ఎల్5లోనూ, ఎస్ బ్యాండు అనే ఇంకో ఫ్రీక్వెన్సీ పట్టీలోనూ మాత్రమే మాట్లాడతాయి. ఎల్5 వినలేని ఫోన్‌కి అవి నెత్తి మీదున్నా వినబడవు. 2023 మే 29న ఎగిరిన నావిక్ కొత్త తరం ఉపగ్రహం ఎన్‌వీఎస్-01లో ఎల్1 కూడా చేర్చడానికి కారణం ఇదే.

ఇప్పుడు వై-ఫై. ఇది జీపీఎస్ కంటే ఎక్కువ సార్లు మీ చుక్కని నడుపుతుంది, ముఖ్యంగా ఇంట్లో, ఆఫీసులో. ఫోన్ చుట్టుపక్కల రూటర్ల గుర్తింపు సంఖ్యలు విని సర్వర్‌ని అడుగుతుంది, "వీళ్లు ఎక్కడ ఉంటారు?" అని. రూటర్లకి కనెక్ట్ కానక్కర్లేదు, పాస్‌వర్డ్ అక్కర్లేదు. వై-ఫై ఆపేసినా, లొకేషన్ సెట్టింగుల్లో వై-ఫై స్కానింగ్ ఆన్‌లో ఉంటే వింటూనే ఉంటుంది. ఇందులో వచ్చే తప్పు చాలా విచిత్రంగా ఉంటుంది. ఇల్లు మారి పాత రూటర్ కొత్తింట్లో పెడతారు. ఇంట్లో ఉన్నంతసేపూ ఫోన్ పాత ఇంటి అడ్రసే చూపిస్తుంది, వాకిట్లోకి రాగానే చుక్క కిలోమీటర్ల కొద్దీ ఎగిరి సరైన చోట వాలుతుంది. సర్వర్ దగ్గర ఆ రూటర్ ఇంకా పాత చోటే ఉంది మరి. కొన్నాళ్లకి, ఆ దారిన పోయే ఫోన్లు కొత్త చోటు చెప్తుంటే, దానంతట అదే సర్దుకుంటుంది. ఈలోపు రూటర్ పేరు చివర "_నోమ్యాప్" (_nomap) అనే పదాన్ని ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో చేరిస్తే గూగుల్ ఆ రూటర్‌ని లెక్కలోంచి తీసేస్తుంది.

నడక, పరుగు, ప్రయాణం రికార్డు చేసే యాప్‌లలో గీత చూసి జబ్బు చెప్పొచ్చు. ఒకచోట ఆగినప్పుడు పిచ్చి ముగ్గులా అల్లుకుపోతే అది చుక్కకి మామూలుగా ఉండే ఊగిసలాటే, దానివల్ల నడవని దూరం లెక్కలో కలుస్తుంది. ఆగినప్పుడు రికార్డింగ్ పాజ్ చేయడమే మందు. గీత ఒక్కసారిగా కిలోమీటరు అవతలికి పోయి అదే దారిన వెనక్కొస్తే అది టవరో, వై-ఫై రూటరో చెప్పిన అబద్ధం. మలుపులన్నీ కోసేసుకుంటూ చెరువు మీదుగా, ఇళ్ల మీదుగా బాణంలా సాగితే ఉపగ్రహాలకి సంబంధం లేదు, స్క్రీన్ ఆపగానే ఫోన్ ఆ యాప్‌ని నిద్రపుచ్చింది. యాప్ సమాచారంలో బ్యాటరీ దగ్గర "అన్‌రిస్ట్రిక్టెడ్" పెట్టండి, బ్యాటరీ సేవర్ ఆపండి. ఈ మూడో రకమే అన్నిటికంటే ఎక్కువ, జనం తిట్టేది మాత్రం జీపీఎస్‌ని. వేగం అంకె గురించి ఒక మాట: ఫోన్ దాన్ని రెండు చుక్కల మధ్య దూరం నుంచి తీయదు, సిగ్నల్ ఫ్రీక్వెన్సీ ఎంత జరిగిందో చూసి డాప్లర్ పద్ధతిలో తీస్తుంది. అందుకే చుక్క పది మీటర్లు పక్కకి ఉన్నా వేగం దాదాపు సరిగ్గానే ఉంటుంది.

చుక్క తిన్నగా ఉండి బాణం తప్పు దిక్కు చూపిస్తే అది దిక్సూచి గొడవ. ఫోన్‌ని ఎనిమిది అంకె ఆకారంలో తిప్పండి, అయస్కాంతం కవరు తీసేయండి. నడక మొదలెట్టి పది అడుగులు వేస్తే కదలిక దిశ ఫోన్‌కి ఎలాగూ తెలిసిపోతుంది.

అత్యవసరంలో లొకేషన్ పంపేటప్పుడు జరిగే తప్పులు రెండు. ఒకటి తొందర: మ్యాప్ తెరవగానే కనిపించేది చాలాసార్లు ఫోన్ గుర్తుపెట్టుకున్న పాత చోటు. పది ఇరవై సెకన్లు ఆగి, వృత్తం కుంచించుకున్నాక పంపండి. రెండోది అంకెలు. 17.45 డిగ్రీలు వేరు, 17 డిగ్రీల 45 నిమిషాలు వేరు. రెండోది దశాంశాల్లో 17.75 అవుతుంది. అక్షాంశంలో ఒక డిగ్రీ సుమారు 111 కిలోమీటర్లు, కాబట్టి ఈ ఒక్క పొరపాటుతో 33 కిలోమీటర్లు తేడా. ఫోన్‌లో చదివి చెప్పేటప్పుడు "పదిహేడు పాయింట్" అని పాయింట్ స్పష్టంగా పలికి, దశాంశం తర్వాత ఐదు అంకెలు చెప్తే చాలు, అది మీటరు వరకు వస్తుంది. ఏడెనిమిది అంకెలు చూపించే యాప్‌లున్నాయి. ఆ చివరి అంకెలు లెక్కలో మిగిలినవే, ఫోన్‌కి అంత కచ్చితంగా తెలిసి కాదు.

ఎత్తు చూసి కంగారుపడేవాళ్లూ ఉన్నారు. సముద్రం ఒడ్డున నిలబడితే కొన్ని యాప్‌లు మైనస్ డెబ్బై, మైనస్ ఎనభై మీటర్లు చూపిస్తాయి. జీపీఎస్ ఎత్తు కొలిచేది సముద్ర మట్టం నుంచి కాదు, భూమికి గణితంగా గీసుకున్న, ధ్రువాల దగ్గర కొంచెం నొక్కినట్టుండే నున్నటి బంతి ఆకారం నుంచి. అసలు సముద్ర మట్టం ఈ ఆకారంతో కలవదు. ఆ తేడా ప్రపంచంలోకెల్లా ఎక్కువ లోతుగా ఉన్నది శ్రీలంకకి దక్షిణాన హిందూ మహాసముద్రంలోనే, 100 మీటర్లు దాటి. సవరణ కలిపే యాప్ సరిగ్గా చూపిస్తుంది, కలపనిది మిమ్మల్ని నీళ్లలో ముంచుతుంది. సవరించినా ఎత్తులో తప్పు అడ్డంగా వచ్చే తప్పుకి ఒకటిన్నర నుంచి రెండు రెట్లు ఉంటుంది, ఎందుకంటే మన కాళ్ల కింద నుంచి సిగ్నల్ పంపే ఉపగ్రహం ఉండదు.

కారులో మాత్రమే జీపీఎస్ తేలిపోతుంటే ఒక చిన్న పరీక్ష. బండి ఆరుబయట ఆపి, జీపీఎస్‌టెస్ట్‌లో సీ/ఎన్‌0 అంకెలు చూస్తూ చార్జర్ ఊడదీయండి. ఆ తర్వాత డ్యాష్‌క్యామ్ తీగ ఊడదీయండి. దేన్ని తీసినప్పుడు అన్ని ఉపగ్రహాల అంకెలూ ఒక్కసారిగా ఐదారు డెసిబెల్స్ పెరుగుతాయో అదే దోషి. నాసిరకం చార్జర్ చిమ్మే రొద ఎల్1 పట్టీలో పడుతుంది. ఏదీ తీసినా కదలకపోతే ఫోన్‌ని కిటికీలోంచి చెయ్యి చాపి బయటపెట్టి చూడండి. అప్పుడు పెరిగితే అద్దం మీది లోహపు పూతే అడ్డం. అలాంటి ముందు అద్దాలు కొన్నింటిలో, వెనక వచ్చే బళ్లు చూసుకునే లోపలి చిన్న అద్దం దగ్గర పూత వేయకుండా చిన్న చుక్కల జాగా వదిలేస్తారు, హోల్డర్ అక్కడికి జరపండి.